మూడు గోళ్లు

లేదురా అని ఒక్క మాట అంటే చాలు. గోరు అతికించే సామాన్లు నా దగ్గర ఎందుకుంటాయి, నేను గోళ్లతో వాయించను కదా, అది లోకమంతా ఎరిగిన సంగతే కదా అంటే చాలు, తమ్ముడు తలుపు దగ్గర నుంచి అలాగే వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు, కుడిచేతి ఉంగరపు వేలు పసిపిల్లాడు దెబ్బ చూపించినట్టు పైకెత్తి పట్టుకుని. గోరు అడ్డంగా సగానికి విరిగింది. గ్రీన్ రూమ్ గోడ మీద గడియారం అయిదూ పది చూపిస్తోంది. ఆరింటికి కచేరీ. మొదటి సగం వాడిది, రెండో సగం నాది. "నాన్న చక్రాల కుర్చీ మడుస్తుంటే నలిగిందక్కా," అన్నాడు. "నా గోళ్ల సామాను సంచీ అనుకుని నాన్న మందుల సంచీ పట్టుకొచ్చాను, రెండూ నల్లవే. నీ దగ్గర ఉండవని తెలుసు, అయినా కాస్త జిగురైనా దొరుకుతుందేమోనని..." నలభై తొమ్మిదేళ్ల మనిషి, ఎన్నో ఊళ్లలో గిటార్ వాయించి చప్పట్లు కొట్టించుకున్న మనిషి, మాట పూర్తి చెయ్యకుండా నా వైపు చూస్తున్నాడు. నా చేతులు ఒళ్లో ఉన్నాయి, తెల్లటి నూలు తొడుగుల్లో. తొడుగులు ఎందుకని వాడు అడగలేదు. ఆరు నెలలుగా అందరికీ చర్మం బాగాలేదని చెబుతూ వచ్చాను, వాడికీ ఎవరో చెప్పే ఉంటారు. జవాబు చెప్పాలంటే నేను ముప్పై మూడేళ్లు వెనక్కి వెళ్లి రావాలి. ఎంతసేపు, రోజూ వెళ్లొచ్చే దారే.

ముందుగది. గోడ వారగా పన్నెండు కుర్చీలు, పన్నెండు పాదపీటలు, నాన్న దగ్గర నేర్చుకునే పిల్లలందరూ వెళ్లిపోయాక ముగ్గురమే మిగిలేవాళ్లం, నాన్న, నేను, తమ్ముడు. పోటీ మర్నాడు. నాకు పందొమ్మిది, వాడికి పదహారు, ఇద్దరికీ ఒకటే పాఠం, ఒకటే రచన. దాన్ని మా ఇంట్లో పరుగు అనేవాళ్లం, ఎందుకంటే అందులో బొటనవేలు కింది తీగల మీద నింపాదిగా నడుస్తుంటే మిగతా మూడు వేళ్లూ, ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు, ఒకే తీగ మీద ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాలి, ఎంత సమానంగానంటే వినేవాడికి వేళ్లు తెలియకూడదు, ఒక్క స్వరం గాలిలో ఆగి వణుకుతున్నట్టుండాలి. దానికి గోరు కావాలి. కండతో తీగను మీటితే స్వరం మూతి బిగించుకున్న మనిషి మాటలా వస్తుంది, గోరు తగిలితేనే నోరు తెరుస్తుంది. తొమ్మిదేళ్లు ఆ మూడు గోళ్లను కంటికి రెప్పలా చూసుకున్నాను, గిన్నెలు తోమలేదు, ముడులు విప్పలేదు, అమ్మ చేత ఎన్నిసార్లు మహారాణీ అనిపించుకున్నానో. ఆ సాయంత్రం నేను పరుగు వాయించి ఆపగానే నాన్న నా చేతి వైపు చూశాడు. నాన్న ఎప్పుడూ ముఖం చూసేవాడు కాదు, చెయ్యి చూసేవాడు. చెవులు మూసుకుని కూడా తప్పు చెప్పగలను, చెయ్యి చూస్తే చాలు అనేవాడు. "చెయ్యి ఇలా పెట్టమ్మా," అన్నాడు. పెట్టాను. బొటనవేలితో నా గోళ్ల అంచులు ఒక్కొక్కటే తడిమాడు. "గరుకుగా ఉంది స్వరం. రేపటికి మెత్తబడాలి. ఒరేయ్, ఆ కట్టర్ ఇటు తే." తమ్ముడు లేచి బల్ల సొరుగు తీశాడు, ఎడమవైపు సొరుగు, అది సగం దూరం వచ్చి ఇరుక్కుంటుంది, కిందికి నొక్కి లాగాలి. నొక్కి లాగాడు. తెచ్చి ఇచ్చాడు. కొంచెమే తీస్తాడనుకున్నాను. ఉంగరపు వేలు, టక్. నడిమి వేలు, టక్. చూపుడు వేలు, టక్. కండలోకి దిగేదాకా కత్తిరించాడు. "అలవాటవుతుందిలే," అన్నాడు. నాన్న చేతిలో నా చెయ్యి ఉండగా నేను లాక్కోలేదు. ఇప్పటికీ నా కడుపు మండేది దానికే, ఎందుకు లాక్కోలేదని, నాన్న చెయ్యి పెట్టమంటే పెట్టడం అంతే, అన్నం పెట్టేవాడి ముందు కంచం పెట్టినట్టు.

మర్నాడు హాలులో నా పరుగు కుంటింది. మూడో వరుస దాటి వినపడి ఉండదు. నా తర్వాత వాడు వాయించాడు, వాడి గోళ్లు వాడికున్నాయి, పెద్ద సంగీత కళాశాలలో ఉన్న ఒకే ఒక్క సీటు వాడికొచ్చింది, నాన్న వాడి భుజం మీద చెయ్యి వేసుకుని ఫొటో దిగాడు. ఒకే సీటుకి ఇంట్లో ఇద్దరున్నారు, అందులో ఒకరిని తగ్గించుకున్నాడు, అంతే. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. అమ్మ చెప్పకుండానే పోయింది. గోళ్లు నాలుగు నెలల్లో పెరుగుతాయి, నేను పెరగనివ్వలేదు. మళ్లీ పెంచితే మళ్లీ ఎవడో చెయ్యి పెట్టమంటాడు. ప్రతి ఆదివారం నేనే కత్తిరించుకున్నాను, ఆయన కత్తిరించినంత లోతుగా. కండతోనే నోరు తెరిపిస్తాను చూడు అని పంతం పట్టి కూర్చున్నాను. వేళ్ల చివర్లు పొక్కి, పగిలి, మళ్లీ పొక్కి, రోజుకి పది గంటలు, ఒక ఇరుకు గదిలో, పక్కింటివాళ్లు గోడ మీద కొడుతుంటే. పదిహేనేళ్లు పట్టింది నా మెత్తటి స్వరానికి ఒక పేరు రావడానికి. ఆ తర్వాత పిలుపులొచ్చాయి, రికార్డులొచ్చాయి, గోరు లేని చేతితో ఇంత నిండుగా ఎలా అని రాసినవాళ్లు రాశారు. బాగానే ఉంది. పోయిన ఏడు నాన్నతో పేపరువాళ్లు మాట్లాడారు. అందులో నాన్న అన్నాడు, దాని గోళ్లు నా చేతులతో నేనే కత్తిరించాను, దానిలో ఆ స్వరం ఉందని నాకు ముందే తెలుసు. నేను ఆ పేజీ చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాను. నా చెయ్యి నరికి, ఆ తర్వాత నేను ఒంటిచేత్తో చేసిందంతా తన ఖాతాలో వేసుకున్నాడు. పుండు మీద కారం అంటారే, అది చాలా చిన్న మాట. ఆ ఆదివారం నేను గోళ్లు కత్తిరించుకోలేదు.

ఇదీ నా చేతి తొడుగుల్లో ఉన్నది. మూడు గోళ్లు, ఆరు నెలలవి. కచేరీలు మానుకున్నాను, గోరుతో మీటడం యాభై రెండేళ్ల వయసులో మళ్లీ మొదటి పాఠం నుంచి నేర్చుకున్నాను, చంటిపిల్లలు వాయించేవి వాయించాను, తలుపు గడియ వేసుకుని. నాన్నకి ఎనభై అయిదు నిండిన సందర్భమని, తండ్రికి పిల్లల కానుక అని ఎవరో ఈ సభ పెట్టి పిలిస్తే, వస్తాను అన్నాను, ఇంత తేలిగ్గా ఒప్పుకున్నానేంటని వాళ్లే ఆశ్చర్యపోయారు. నా సగంలో ఏం వాయిస్తానో రాసివ్వలేదు. పరుగు వాయిస్తాను. గోళ్లతో. ముందు వరుస మధ్యలో ఆయన కుర్చీ. మొదటి స్వరం వినగానే ఆయనకు తెలియాలి, ఇది ఆ రోజు నువ్వు ఆపినది, నీ కట్టర్ దీని మీద పడింది, మెత్తటి స్వరం నాది, గరుకు స్వరం నాది, దేనిలోనూ నీ చెయ్యి లేదు. తెలిసి ఆయన ముఖం ఎలా మారుతుందో స్టేజీ మీద నుంచి నేను చూడాలి. ఆరు నెలలు అన్నం ముద్ద ముద్దకీ దాన్నే నంజుకున్నాను. ఇదిగో ఇప్పుడు, యాభై నిమిషాల ముందు, దేవుడనేవాడుంటే వాడికి నాకంటే చెడ్డ బుద్ధి ఉన్నట్టుంది, తమ్ముడి గోరు విరగ్గొట్టి, అదీ అదే వేలిది, నా తలుపు దగ్గర నిలబెట్టాడు. లేదురా అంటే చాలు. వాడు వెళ్లి కండతో మీటుతాడు. వాడికి కండతో మీటడం రాదు. మూడో వరుస దాటదు.

కానీ ఏం జరుగుతుందో కూడా కళ్లకు కట్టినట్టు కనపడింది. ఎవరో మైకు పట్టుకుని, దురదృష్టవశాత్తూ ఈ రోజు వేలికి దెబ్బ తగిలినా మన కోసం వాయిస్తున్నారు అంటారు, హాలంతా అయ్యో పాపం అంటుంది, పాపం అంటూనే చప్పట్లు కొడతారు. తర్వాత నేను వచ్చి మూడు గోళ్లతో, గోరు లేని తమ్ముడి మీద గెలుస్తాను. అలాంటి గెలుపు ఎవరికి అలవాటో నాకు తెలుసు. నాన్న లాంటి గెలుపు నాకొద్దు. తమ్ముడికి మూడు గోళ్లూ ఉండాలి, నిక్షేపంగా ఉండాలి, సాకు చెప్పుకోవడానికి వేలెడు చోటు కూడా ఉండకూడదు. కుడి తొడుగు లాగేశాను. "ఇలా వచ్చి దీపం దగ్గర కూర్చో," అన్నాను.

వాడు కూర్చోలేదు. నా చెయ్యి చూశాడు. నాన్న కొడుకే కదా, వాడూ చెయ్యే చూస్తాడు. "అక్కా... పెంచావా?" అన్నాడు. "కనపడట్లేదా, కూర్చో," అని నా సంచీలోంచి డబ్బా తీశాను. చిన్న రేకు డబ్బా, అందులో ఆకురాయి, నాలుగు రకాల గరుకు కాగితాలు, గట్టిగా పట్టేసే జిగురు, కట్టర్, ఒక పింగ్‌పాంగ్ బంతి. బంతి ఎందుకని వాడికి చెప్పక్కర్లేదు, గోళ్లతో వాయించేవాళ్లందరికీ తెలిసిందే, గోరు విరిగితే ఆ బంతి ముక్కే దిక్కు, దాని వంపూ మందమూ గోటికి దగ్గరగా ఉంటాయి. బంతిలోంచి చిన్న ముక్క కోశాను. వాడి వేలు నా చేతిలో ఉంది. ముప్పై మూడేళ్ల తర్వాత వాడి చెయ్యి పట్టుకున్నాను, అది నాన్న చెయ్యిలా ఉంది, కణుపులు అవే, బొటనవేలి మొదట్లో ఉబ్బు అదే. విరిగిన అంచుని రాశాను, ముక్కని గోరు ఆకారానికి కత్తిరించాను, ఒంపు సరిపోయేదాకా మూడుసార్లు పెట్టి తీశాను. జిగురు ఎంత వెయ్యాలో చేతికి తెలుసు. ఒక్క చుక్క తక్కువ వేస్తే ఏ ఇరవై నిమిషాలకో, మంచి పట్టు మీద ఉండగా, అది ఎగిరిపోయి ముందు వరుసలో ఎవరి ఒళ్లోనో పడుతుంది. ఎవరికీ తెలియదు. అనుకున్నాను, అబద్ధమెందుకు, గట్టిగానే అనుకున్నాను. నా చెయ్యి మాత్రం చుక్క తక్కువ వెయ్యలేదు, దానికి పని పాడుచెయ్యడం నేర్పలేదు ఎవరూ, చెయ్యి మీద నాకే కోపం వచ్చింది. గోరు కింద ముక్కని నొక్కి పట్టుకుని, రెండు నిమిషాలు, కదలకు అన్నాను.

కదలకుండా కూర్చోమంటే మనిషి నోరు ఊరుకోదు. "అక్కా, ఆ రోజు కట్టర్ నేనే తెచ్చాను," అన్నాడు. "తెలుసు. ఎడమవైపు సొరుగు," అన్నాను. "నాకు అర్థమైందక్కా అప్పుడే. నాన్న ఏం చేస్తున్నాడో. అయినా నోరు విప్పలేదు. పదహారేళ్లు నాకు, గెలవాలనిపించింది." ఇది ఎప్పుడో రావాల్సిన మాట. వచ్చింది, జిగురు ఆరడానికి పట్టే రెండు నిమిషాల్లో వచ్చింది, ఆ తర్వాత వాడు ఏడుస్తాడేమో, నేను తల నిమరాలేమో అని భయపడ్డాను, నిమరను. "నాకూ పందొమ్మిదేరా," అన్నాను. వాడు తల ఊపాడు. నా కుడిచెయ్యి వైపే చూస్తూ, "పరుగు వాయిద్దామనా?" అన్నాడు. నేను ఆకురాయి తీసి గోటికి కొత్తగా వచ్చిన అంచుని రాయడం మొదలుపెట్టాను. "నాన్నకి వినిపించాలని పెంచావా అక్కా?" మళ్లీ అడిగాడు. "ఎవరికైతే నీకెందుకు," అన్నాను. వాడు గొంతు తగ్గించాడు. "నాన్నకి వినపడదక్కా. రెండేళ్లయింది. చెవిలో మెషిన్ పెడితే మాటలు కాస్త అందుతాయి, గిటార్ మాత్రం రేకుల మీద రాళ్లు పడ్డట్టుంటుందట. అందుకే కచేరీకి వస్తే తీసేస్తాడు. ఆ పేపరువాళ్లక్కూడా ప్రశ్నలు కాగితం మీద రాసిస్తేనే చెప్పాడు. బయట తెలిస్తే చిన్నతనమని ఎవరికీ చెప్పనివ్వలేదు."

నేను ఆ గడప తొక్కి నాలుగేళ్లు. వెళ్లి ఉంటే తెలిసేది. ఆరు నెలలు, మూడు గోళ్లు, రోజుకి ఆరు గంటలు, గడియ వేసిన తలుపు, ఇదంతా చెవిటివాడి కోసం. నవ్వొచ్చింది, అది నవ్వు కాదని గొంతు దాకా వచ్చాక తెలిసింది. ఇక్కడ కూడా నన్ను మోసం చేశాడు ముసలాయన. నేను పగ తీర్చుకునే సమయానికి చెవులు మూసుకుని కూర్చున్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు. ఎవరికి వినిపించను ఇప్పుడు? హాలు నిండా జనం ఉంటారు, వాళ్లెవరు నాకు? చివరి గరుకు కాగితంతో వాడి గోటిని అద్దంలా మెరిసేదాకా రాస్తూనే ఉన్నాను, చేతులు ఆపితే ఏం చేస్తాయో నాకే తెలియలేదు. "మీటి చూడు," అన్నాను. మీటాడు. అసలు గోటికీ దీనికీ తేడా తెలియలేదు. "నీ చెయ్యి నాన్న చెయ్యక్కా," అన్నాడు. పొగడ్త అనుకున్నాడు వెర్రివెధవ. పొమ్మన్నాను.

ఆరింటికి మొదలుపెట్టాడు. గ్రీన్ రూమ్ మూల చిన్న స్పీకరు ఉంది, స్టేజీ మీద స్వరం అందులోంచి సన్నగా వస్తుంది. నేను నిలబడే విన్నాను. వాడు బాగా వాయిస్తాడు. ఈ మాట నేను ఎవరి దగ్గరా అనలేదు, ఇప్పుడూ అనను, వాడు బాగా వాయిస్తాడు. కానీ నేను వాడి సంగీతం వినలేదు, నా జిగురు విన్నాను, ప్రతి మూడో దెబ్బకీ ఉంగరపు వేలు ఎక్కడ పడుతుందో అక్కడ చెవి పెట్టి, పట్టిందా, పట్టింది, పట్టిందా, పట్టింది. ఒక చోట వేగం పెంచాడు, గుండె ఝల్లుమంది, వాడి కోసం కాదు, వాడికి సాకు దొరుకుతుందేమోనని. ఊడలేదు. చప్పట్లు స్పీకరులోంచీ గోడలోంచీ రెండుసార్లు వినపడ్డాయి. విరామం పదిహేను నిమిషాలు. రెండో తొడుగు కూడా తీసేసి సంచీలో పెట్టాను. అప్పుడు తలుపు తెరుచుకుని చక్రాల కుర్చీ వచ్చింది, దాన్ని తోస్తూ మరదలు, దాని వెనక చెమటలు తుడుచుకుంటూ తమ్ముడు. "వదినా, మామయ్య మీరు స్టేజీ ఎక్కే ముందు ఒకసారి చూస్తానన్నారు," అంది మరదలు. కుర్చీలో నాన్న కుంచించుకుపోయి ఉన్నాడు, చొక్కా కాలరులో మెడ వదులుగా తిరుగుతోంది, చెవుల్లో ఏమీ లేదు. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు, గది అదిరేలా అన్నాడు, "చెయ్యి ఇలా పెట్టమ్మా."

పెట్టాను. ముప్పై మూడేళ్లలో నేను చాలా అనుకున్నాను, పెట్టనని మాత్రం ఎందుకో ఎప్పుడూ అనుకోలేదు. ఆయన బొటనవేలు చూపుడు వేలి అంచు మీదికొచ్చింది, నడిమి వేలు, ఉంగరపు వేలు. ఆగింది. మళ్లీ మొదటి నుంచీ తడిమింది. "పెరిగాయే," అన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను, ఇదిగో ఇప్పుడు తెలుస్తుంది, చెవులతో కాకపోతే వేళ్లతో తెలుస్తుంది, ఇప్పుడు మారుతుంది ముఖం. మారలేదు. పాఠం చెప్పే ముఖం అలాగే ఉంది. "గరుకుగా ఉంటుంది స్వరం. మెత్తబడాలి. ఒరేయ్, ఆ కట్టర్ ఇటు తే." తమ్ముడు కదల్లేదు. ఈసారి కదల్లేదు. గోడకి ఆనుకుని నా వైపు చూశాడు. మరదలికి ఏమీ అర్థం కాక అందరి ముఖాలూ చూస్తోంది. రేకు డబ్బా ఇంకా బల్ల మీద తెరిచే ఉంది. నేనే వెళ్లి కట్టర్ తీసుకొచ్చి నాన్న అరచేతిలో పెట్టాను. కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని కుడిచెయ్యి ఆయన ఒళ్లో చాపాను.

"అక్కా, ఏం చేస్తున్నావ్?" అన్నాడు తమ్ముడు. "ఉండరా," అన్నాను. నాన్న నా ఉంగరపు వేలు పట్టుకుని గోరుని కట్టర్ నోట్లో పెట్టాడు. చల్లగా తగిలింది. ఆరు నెలలు ఆ రెండు ఇనుప అంచుల మధ్య ఉన్నాయి, ఇంకో పది నిమిషాల్లో నేను ఎక్కాల్సిన స్టేజీ ఉంది, నొక్కితే టక్, అంతే. లాక్కోలేదు. నాన్న నొక్కాడు. చెయ్యి వణికింది, కట్టర్ గోటి మీద నుంచి జారి పక్కకు పడింది. మళ్లీ పెట్టాడు. బొటనవేలితో నొక్కాడు, బొటనవేలు దిగలేదు, వేలి కణుపులు తెల్లబడ్డాయి, పళ్లు బిగించాడు, దిగలేదు. "నొక్కు నాన్నా," అన్నాను. వినపడదు, పెదాలు చూస్తాడని నెమ్మదిగా అన్నాను. "అమ్మో వదినా, చాలు, వద్దు," అంది మరదలు. మూడోసారి రెండు చేతులతో పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. గోటి అంచు మీద సన్నటి గీత పడిందేమో, అంతకంటే ఏమీ కాలేదు. కట్టర్ ఆయన ఒళ్లో పడిపోయింది. అప్పుడు నాన్న తలెత్తి, నా చెయ్యి కాదు, నా ముఖం చూశాడు. ఎంతసేపు చూశాడో. పాఠం చెప్పే ముఖం ఎక్కడికో పోయింది, కొడుకు వైపు ఒకసారి, మళ్లీ నా వైపు, ఏదో గుర్తొచ్చినవాడిలా. "నా వల్ల కావట్లేదమ్మా," అన్నాడు. ఈసారి గొంతు చిన్నదైంది.

నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని ఒక క్షణం ఆగి చూసుకున్నాను. లేదు. బయట గంట మోగింది. నా చెయ్యి నేను తీసుకున్నాను. ఇంత సులువా అనిపించింది, చెయ్యి వెనక్కి తీసుకోవడం. ఒళ్లో పడ్డ కట్టర్ తీసి మళ్లీ ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మడిచి గుప్పిట మూశాను. ఉంచుకో అన్నాను. తమ్ముడు తలుపు తీసి పట్టుకున్నాడు, వాడి ముందు నుంచి గిటార్ పట్టుకుని వెళ్లిపోయాను, వాడికీ నాకూ ఇంకా మిగిలే ఉంది, అది మరో రోజు.

స్టేజీ మీద కుర్చీ నా కొలతకే వేశారు. కూర్చునే ముందు దాన్ని నేనే కొంచెం పక్కకు తిప్పుకున్నాను, కుడిచెయ్యి ముందు వరుసకి పూర్తిగా కనపడేలా. మరదలు చక్రాల కుర్చీని దాని చోటికి తెచ్చింది, చక్రాలకు తాళం వేసింది. హాలు సద్దుమణిగేదాకా ఆగాను. నాన్న చూపు నా చేతి మీదే ఉంది, ఆయన గుప్పిట ఇంకా మూసే ఉంది, కట్టర్ కొస వేళ్ల మధ్య నుంచి బయటికి కనపడుతోంది. చెవులు మూసుకుని కూడా తప్పు చెప్పగలను అనేవాడు. చెప్పు నాన్నా అనుకుని, ఉంగరపు వేలు తీగ మీద ఆనించి, పరుగు మొదలుపెట్టాను.